వంతు కోసం ఆగే రౌడీలు

శుక్రవారం మధ్యాహ్నం మా గదిలో చైనా సినిమాకు మాటలు చెప్పేది నేనే. నాకు చైనా భాష ఒక్క ముక్క రాదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, ఎవరికీ పట్టింపు లేదు.

గల్ఫ్‌లో, బర్వా అల్ బరాహాలో మా కూలీల క్యాంపు. గదిలో నలుగురం. నేను షట్టరింగ్ కార్పెంటర్‌ని, కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కడతాను, మాది నిర్మల్ దిక్కు. నా కింది మంచం మీద జగిత్యాల దిక్కు పెయింటర్ ఉంటాడు. నాకంటే చాలా చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. ఎదురు మంచాల్లో ఒక నేపాలీ ఎలక్ట్రీషియన్, ఒక బంగ్లాదేశ్ ప్లంబర్. నలుగురికీ కలిసే భాష వచ్చీరాని హిందీ ఒక్కటే. తెలుగు సినిమా పెడితే వాళ్ళిద్దరూ గురక పెడతారు. నేపాలీ సినిమా పెడితే మేం పెడతాం. అందరినీ మేలుకొలిపి ఉంచేది కొట్లాట సినిమా. తన్నుకు తర్జుమా అక్కర్లేదు.

కానీ తన్నుకూ తన్నుకూ మధ్య మాటలు ఉంటాయి కదా. నేపాలీ ఎక్కడెక్కడి నుంచో పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చే కుంగ్‌ఫూ సినిమాలకు కింద అక్షరాలు కూడా ఉండవు. తెల్లగడ్డం గురువు చెట్టు కింద కూర్చుని గంటసేపు ఏదో చెబుతాడు, శిష్యుడు తల ఊపుతాడు, మేం వెర్రిమొహాలు వేసుకుని చూస్తాం. ఒకరోజు నాకు ఒళ్ళు మండి, "ఆగుండ్రి, నేను చెప్త" అని మొదలుపెట్టాను. గురువును పెద్ద మేస్త్రీని చేశాను. శిష్యుడు కొత్తగా వీసా మీద వచ్చిన హెల్పర్. పొడుగు మీసాల విలన్ ఎవరంటే, ఇంకెవరు, వీసాలు అమ్మే ఏజెంట్! వాడి చుట్టూ నల్లబట్టలు వేసుకుని తిరిగేవాళ్ళు హాజరు రాసే టైమ్‌కీపర్లు. గురువు శిష్యుడి చేత కావడితో నీళ్ళు మోయిస్తుంటే, "నేర్చుకోనీకి వచ్చినవా, డ్యూటీ చెయ్యనీకి వచ్చినవా? ముందుగాల నీళ్ళు మొయ్యి!" అన్నాను. సగం హిందీ, సగం తెలుగు. ప్లంబర్ నవ్వలేక కడుపు పట్టుకుని మంచం మీద పడ్డాడు.

అప్పటి నుంచి శుక్రవారం కోడికూర తినగానే పక్క గదుల వాళ్ళు కూడా మా గది గుమ్మంలో చేరడం మొదలుపెట్టారు. నాకు చైనా భాష వచ్చునని క్యాంపులో పుకారు పుట్టింది. ఒకసారి సైటులో లిఫ్టు బాగుచేయడానికి చైనా మెకానిక్ వచ్చాడు. స్టోరు మనిషి ఉరుకుతూ వచ్చి, నా రెక్క పట్టుకుని లాక్కెళ్ళి అతని ముందు నిలబెట్టాడు. నాకేం తోచక సినిమాలో లాగా పిడికిలికి అరచెయ్యి ఆనించి వంగాను. ఆయన కంగారుపడి తనూ వంగాడు. ఆ తర్వాత ఫోన్ తీసి ఏదో మాట్లాడి నా మొహం ముందు పెట్టాడు. ఫోన్‌లోని ఆడగొంతు శుద్ధమైన హిందీలో, మరుగుదొడ్డి ఎక్కడ ఉంది అని అడిగింది. చూపించాను. నా చైనా భాష గొప్పతనం ఆ దెబ్బతో ఇంకా పెరిగింది.

ఈ సినిమాల్లో మాకు నచ్చేది కథ కాదు, తప్పులు. మేం కట్టుబడి పని చేసేవాళ్ళం. ఏ గోడ ఇటుకది, ఏ గోడ అట్టది ఒక్క చూపులో చెప్పేస్తాం. హీరో గోడను గుద్దితే అది పగిలే తీరు చూసి, "సిమెంటు తక్కువ పోసిండ్రు" అని తేల్చేస్తాం. గుద్దిన ప్రతిసారీ చాకిరేవులో బండ మీద బట్ట బాదిన చప్పుడే ఎందుకు వస్తుందో ఇప్పటికీ తెలియదు. మనిషి గాలిలో ఎగిరి, ఎగిరిన చోటే ఆగి, ఇద్దరిని తన్ని, అప్పుడు తీరిగ్గా దిగుతాడు. వెదురు బొంగుల మీద కొట్లాట వస్తే నేపాలీ లేచి నిలబడి, "హెల్మెట్ మాఫీ! బెల్టు మాఫీ! సేఫ్టీ ఆఫీసర్ కహాఁ హై?" అని అరుస్తాడు. మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదు అని. హీరో మూడంతస్తుల మీంచి పందిళ్ళన్నీ విరగ్గొట్టుకుంటూ కిందపడి, పెదవి మీద నెత్తురు తుడుచుకుని లేస్తాడు. మేం ఈలలు వేస్తాం.

ఆ చోట ఈల వేయనివాడు ఒక్కడే, పెయింటర్. వాళ్ళది కల్లుగీత పని చేసే ఇల్లు. వాడి అన్న తాడిచెట్టు మీంచి పడి నడుము విరిగి మంచం పట్టాడు. ఇక్కడికి రాకముందు వీడూ చెట్లు ఎక్కినవాడే. అన్న పడ్డాక వీడి పెళ్ళాం చెట్టెక్కే మోకు దాచేసి, ఇంకొక్కసారి చెట్టెక్కితే నేను బావిలో దూకుతానని కూర్చుందట. అందుకే వీసా మీద వచ్చాడు. సినిమాలో మనిషి పడ్డప్పుడల్లా వీడు ఫోన్ చూసుకునేవాడు.

అన్నిటికంటే పెద్ద నవ్వు ఎక్కడ వచ్చేదంటే, హీరో చుట్టూ ఇరవై మంది రౌడీలు మూగినప్పుడు. ఇరవై మంది! చేతుల్లో కర్రలు, కత్తులు. మీద పడితే హీరో పచ్చడే. కానీ పడరు. ఒకడు అరుచుకుంటూ వస్తాడు, తన్ను తిని వెళ్ళిపోతాడు. అప్పుడు ఇంకొకడు. మిగతావాళ్ళు పెళ్ళిలో రెండో బంతికి నిలబడ్డ చుట్టాల్లాగా మర్యాదగా తమ వంతు కోసం చూస్తుంటారు. నేపాలీ గది మధ్యలోకి వచ్చి, పిడికిళ్ళు బిగించి, ముందుకో అడుగు వెనక్కో అడుగు వేస్తూ ఆ వంతు కోసం ఆగే రౌడీని చేసి చూపించేవాడు. నేను వాడికి మాటలు అందించేవాణ్ణి: "మీరు కానియ్యుండ్రి సారూ, నాకేం తొందర లేదు. నేనెనక తింట." గదంతా విరగబడి నవ్వేది.

ఎండలు ముదిరే రోజుల్లో మా నలుగురినీ అల్ తుమామాలో ఒక బడి బిల్డింగు పనికి వేశారు. గోడల బయట పైపులతో కట్టిన స్కాఫోల్డింగ్. దాని కాలి దగ్గర ట్యాగు వేలాడుతుంది. ఆకుపచ్చ ట్యాగు ఉంటే ఎక్కొచ్చు, ఎర్ర ట్యాగు ఉంటే ఎక్కొద్దు. ఇంతకంటే తేలికైన చదువు లోకంలో లేదు. ఒకరోజు పొద్దున స్కాఫోల్డింగ్ వాళ్ళు ఇంకో చోటికి కావాలని పై అరలో నిలబడే పలకలు కొన్ని, చేతిపట్టు పైపులు కొన్ని విప్పుకుపోయి ఎర్ర ట్యాగు తగిలించారు. ఫోర్‌మన్‌కు తొందర. మర్నాడు కంపెనీ పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు, పైన ఒక చోట రంగు తేడాగా ఉంది. "యల్లా, ఎక్కు. ఐదు నిమిషాల పని, మాఫీ ముష్కిల్" అన్నాడు పెయింటర్‌తో.

నేను దూరంగా పలకలు కోస్తూ చూస్తున్నాను. పెయింటర్ స్కాఫోల్డింగ్ దగ్గరికి పోయాడు. తల ఎత్తి పై అర చూశాడు. పైపు పట్టుకుని రెండుసార్లు ఊపాడు. చెట్టెక్కే ముందు మోకును గుంజి చూసుకునే అలవాటు వాడిది, ఆ అలవాటు చేతుల్లోంచి ఎక్కడికి పోతుంది? పైపు వదిలేసి వెనక్కి వచ్చి, బకెట్టు కింద పెట్టి, "నేను ఎక్క సార్" అన్నాడు. ఫోర్‌మన్ అందరికీ వినబడేలా పిరికివాడని తిట్టాడు. ఇంకా ఏవేవో తిట్టాడు, అవి ఇక్కడ రాయను. వాడు కదల్లేదు. సాయంత్రానికి కబురు తెలిసింది: పని చేయనన్నాడని ఫోర్‌మన్ వాడి మీద ఆఫీసులో రాసిచ్చాడు, వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతారట.

ఆ రోజు గదికి వచ్చాక వాడు మంచం మీద కూర్చుని బూట్లు కూడా విప్పలేదు. అప్పుడన్నాడు: "ఊరికి పోతె ఏమున్నదన్నా? మళ్ళ చెట్టే. 'దుబాయ్ నుంచి ఎల్లగొట్టిండ్రట' అంటరు, నవ్వుతరు. నా పెండ్లాం ఏం జెయ్యాలె?"

కాసేపటికి లేచి నిలబడ్డాడు. "రేపు వానికి ఒక్కటి గుద్దుత. ఎట్లాగూ పంపిస్తున్రు గద."

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. వాడి భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. "సినిమాల పోలీసులు ఉండరు తమ్మీ, ఈడ ఉంటరు. వాన్ని గుద్దితె నువ్వు ఊరికి గూడ పోవు, జేల్ల కూసుంటవు. వాడేమో ఏసీల కూసుంటడు. ఎవనికి దెబ్బ తాకినట్టు?" అని కేకలేశాను. వాడు నా మొహం చూడకుండా సరేనన్నాడు. వాడు నా మాట విన్నాడని నాకు నమ్మకం కలగలేదు. ఎర్ర ట్యాగు ఉన్నదాన్ని ఎక్కననడం తప్పెట్లా అవుతుంది? ఎక్కితే తప్పు అవ్వాలి. వాణ్ణి పోనివ్వకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఫోర్‌మన్ దగ్గరికి పోయాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. టీ ఇప్పించాడు. "నువ్వు పాత మనిషివి, నీ పేరు మంచిగున్నది, కొత్తవాడి కోసం ఎందుకు పాడు చేసుకుంటావు?" అన్నాడు. నేను టీ తాగి తిరిగి వచ్చాను. ఆ టీ గుర్తొస్తే ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది. ఆ తర్వాత నేపాలీ తనంతట తానే పోయాడట. ఎండలో రోడ్డు పనికి మారుస్తానని ఫోర్‌మన్ బెదిరించి పంపాడు. ప్లంబర్ పోతే, "వాడు నీ దేశం వాడా, నీ ఊరి వాడా, నీకెందుకు?" అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు. ఒకరు పోయిన సంగతి అప్పటికి ఇంకొకరికి తెలియదు. ప్రతివాడూ సిగ్గుపడి నోరు మూసుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. ఆదివారం వాడి టిక్కెట్టు తయారవుతుందని ఆఫీసు గుమ్మం దగ్గర ఎవరో విన్నారు. సినిమా పెట్టాలని ఎవరికీ లేదు. గుమ్మంలో మనుషులు చేరారు కాబట్టి నేపాలీ పెట్టాడు. నేను మాటలు మొదలుపెట్టాను, గొంతులో జీవం లేదు. ఒక సత్రం లాంటి చోట హీరో చుట్టూ రౌడీలు మూగారు. ఒకడు వచ్చి తన్నులు తిని పోయాడు. రెండోవాడు వచ్చాడు. గుమ్మంలో వాళ్ళు ఎప్పటిలాగే నవ్వుతున్నారు. మూడోవాడు వంతు కోసం అడుగు ముందుకూ వెనక్కూ వేస్తున్నాడు.

నేను ఆగిపోయాను. రిమోట్ తీసి టీవీ ఆపేశాను.

"ఏమైంది భాయ్?" అన్నాడు ప్లంబర్.

"నువ్వు ఫోర్‌మన్ దగ్గరికి పోయినవా?" అని అడిగాను. వాడు నేల చూశాడు. "నువ్వు?" అని నేపాలీని అడిగాను. వాడూ అంతే. "నేనూ పోయిన. టీ తాగి వచ్చిన. ఒకడెనక ఒకడు పోయి తన్నులు తిని వచ్చినం. ఇన్ని రోజుల నుంచి ఎవల్ని చూసి నవ్వుతున్నం మనం? ఆ చుట్టూ తిరిగే ఇరవై మంది ఎవలనుకున్నరు?"

సినిమా తప్పు అనుకున్నది మా తప్పే అని అందరికీ ఒకేసారి తెలిసింది. సినిమాలో వాళ్ళను అలా నిలబడమని డైరెక్టర్ చెబుతాడు. మాకు ఎవరు చెప్పారు?

పెయింటర్ మాత్రం అడ్డుపడ్డాడు. "నా ఒక్కని కోసం మీరు ఆగం గావద్దన్నా" అన్నాడు.

"నీ ఒక్కని కోసం ఎవడు పోతుండు? రేపు ఎర్ర ట్యాగు మీదికి నన్ను ఎక్కమంటరు. నేను పోయేది నా కోసం" అన్నాను. అది నిజమే.

ఎలా పోవాలన్నది మాట్లాడుకున్నాం. పని ఆపితే అదొక కొత్త కేసు అవుతుంది. పని ఆపకూడదు. అరుపులు ఉండకూడదు. ఫోర్‌మన్ మీద ఈగ వాలినా పెయింటర్ టిక్కెట్టు ఖాయం. ఎండాకాలం మధ్యాహ్నం బయట పని ఆపాలని ఇక్కడ రూలు ఉంది కదా, ఆ విశ్రాంతి వేళ మా సొంతం. అప్పుడు అందరం కలిసి మేనేజర్ దగ్గరికి పోవాలి. ఎవరూ ముందు పోకూడదు, ఎవరూ వెనక ఉండకూడదు. గుమ్మంలో నిలబడ్డ మేసన్లు, స్టీలు కట్టేవాళ్ళు కూడా ఒక్కొక్కరే, మేమూ వస్తామన్నారు. ఆ సినిమా చివర ఏమైందో ఎవరూ చూడలేదు.

శనివారం మధ్యాహ్నం. మేనేజర్ ఆఫీసు సైటులోనే ఒక క్యాబిన్. మేం పోయేసరికి బయట నీడ లేదు, నేల కాలుతోంది. హెల్మెట్లు చేతిలో పట్టుకుని నిలబడ్డాం. ఆఫీసు కుర్రాడు తలుపు తీసి మమ్మల్ని చూసి అదిరిపోయాడు. లోపలికి పోయి వచ్చి, "సార్ ఒక్కొక్కరిని రమ్మంటున్నారు" అన్నాడు.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. నేపాలీ నా వెనక నుంచి, "ఒక్కొక్కరం రాం" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. కుర్రాడు మళ్ళీ లోపలికి పోయాడు. ఎండలో మా నెత్తులు మాడుతున్నాయి. గుంపులో ఎవడైనా చల్లగా జారుకుంటాడేమోనని నేను వెనక్కి చూడలేదు. చూస్తే నాకే భయం వేస్తుందని తెలుసు. కొంతసేపటికి మేనేజరే గడపలోకి వచ్చాడు.

ఆయనకు ఇంగ్లీషు తప్ప రాదు. ఇంటర్ వరకు చదివిన పుణ్యానికి నేను మాట్లాడాను. ట్యాగు ఎర్రగా ఉంది, ఎక్కమన్నారు, ఎక్కలేదు, దానికి ఇంటికి పంపుతున్నారు. ఇంతే చెప్పాను. సినిమాకైతే దీనికి పది మాటలు కలిపి ఉండేవాణ్ణి. ఆయన ఫోర్‌మన్‌ను పిలిపించాడు. ట్యాగు ఏ రంగని అడిగాడు. ఫోర్‌మన్ మమ్మల్ని ఒకసారి చూశాడు. ఇంతమంది ఎదురుగా ఉండగా రంగు మార్చడం ఎవరికైనా కష్టమే. "ఐదు నిమిషాల పని సార్" అన్నాడు.

మేనేజర్ గడ్డం గోక్కున్నాడు. ఫోర్‌మన్ రాసిచ్చిన కాగితాన్ని పక్కన పెట్టేస్తానన్నాడు. మాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఒక షరతు. అందరి ముందూ ఎదురు చెప్పాడు కాబట్టి, అందరి ముందూ పెయింటర్ ఫోర్‌మన్‌కు సారీ చెప్పాలి. అప్పుడు అందరం పనిలోకి పోవచ్చు.

నేను అది తెలుగులో వాడికి చెప్పి, గొంతు తగ్గించి, "ఒక్క మాటనే గద తమ్మీ. అనేయ్" అన్నాను. నాకు ఆ క్షణంలో వాడు ఉంటే చాలు. ఎలా ఉంటాడన్నది పట్టలేదు. వెనక నుంచి ఎవరో, "చెప్పేయ్, చెప్పేయ్" అంటున్నారు.

పెయింటర్ ఫోర్‌మన్ వైపు చూశాడు. పిడికిలి బిగించలేదు, గొంతు పెంచలేదు. "నేను సారీ ఎందుకు చెప్పాలె? నేను పడలే గద. ఎక్కి పడి ఉంటే, మా ఇంటికి ఫోన్ జేసి నా పెండ్లానికి సారీ ఎవలు చెప్తుండె? ఆయననా, ఈ సారునా? పేరు చెప్పుమను. అప్పుడు నేను చెప్త" అన్నాడు.

మేనేజర్ నా వైపు చూస్తున్నాడు, ఏమన్నాడో చెప్పమని. వాడు అన్నది అన్నట్టే ఇంగ్లీషులోకి పెట్టాను. ఆయన ఫోర్‌మన్‌ను చూశాడు. ఫోర్‌మన్ చేతిలోని హెల్మెట్‌ను చూసుకున్నాడు. ఎవరూ పేరు చెప్పలేదు.

మేనేజర్ లోపలికి పోయి తన హెల్మెట్ తెచ్చుకుని, ఆ స్కాఫోల్డింగ్ ఎక్కడుందో చూపించమన్నాడు. ఎండలో ఆయన ముందు, మేమంతా వెనక నడిచాం. పై అర చూశాడు. పలకలు ఇంకా వేయలేదు. ఏమీ అనకుండా తిరిగి వెళ్ళిపోయాడు. ఆదివారం టిక్కెట్టు రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. ఫోర్‌మన్ ఇప్పటికీ మా ఫోర్‌మనే, నాకు మాత్రం మళ్ళీ టీ ఇప్పించలేదు. ఆ సారీ ఈ రోజు వరకూ ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పెయింటర్ ఇక్కడే ఉన్నాడు, నా కింది మంచం మీద, పెళ్ళాంతో ఫోన్‌లో గొడవ పడుతూ.